ఒకే ఇంట్లో ఇద్దరికి మలేరియా వస్తే ఒకరికే ఎందుకు ముదురుతుంది?

కురుపాం వైపు ఒక ఇంట్లో అన్నకి నాలుగు రోజుల జ్వరంతో తగ్గిపోయింది, తమ్ముడికి ఫిట్స్ వచ్చి విజయనగరం తీసుకెళ్లాల్సి వచ్చింది, ఎందుకని అడిగారు. మెదడుకి ఎక్కేది ఎక్కువగా ఫాల్సిపారం అనే రకం మలేరియా క్రిమే. దానిలో సుమారు 60 'వార్' జన్యువులుంటాయి, ఒక్కోటీ ఒక్కో రకం ప్రొటీన్ తయారుచేస్తుంది, మామూలుగా ఒకసారికి ఒక్కటే పనిచేస్తుంది. ఆ ప్రొటీన్ ఎర్ర రక్తకణం మీద పుట్టే చిన్న బుడిపెల పైకి చేరి, కణాన్ని సన్నటి రక్తనాళాల గోడకి జిగురులా అంటించేస్తుంది. మెదడులోని నాళాల్ని గట్టిగా పట్టుకునే రకం ఆ సమయానికి పనిచేస్తుంటే ఫిట్స్, కోమా దాకా పోవచ్చు.

మన ఒళ్లు ఒక రకానికి యాంటీబాడీలు తయారుచేసేలోపు కొన్ని క్రిములు ఇంకో జన్యువుకి మారిపోయి ఉంటాయి. అందుకే ఒకసారి వచ్చినా మళ్లీ వస్తుంది. ఏటా మలేరియా తగిలే ఊళ్లలో పెద్దవాళ్లు చాలా రకాలు ఎదుర్కొని ఉంటారు కాబట్టి వాళ్లకి అంతగా ముదరదు, పసిపిల్లలకే ఎక్కువ ముప్పు.

మనిషి జన్యువులూ ముఖ్యమే. ఎర్ర రక్తకణాల్ని కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లకి తీవ్ర మలేరియా బాగా తక్కువ. ఒకే తల్లి పిల్లల్లోనూ అన్నకి అది ఉండి తమ్ముడికి లేకపోవచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది.