కాలాలు వేరైన బాక్సర్ల గురించి వాదించే అల్లుడికి

కర్నూలు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ముహమ్మద్ అలీకీ మైక్ టైసన్‌కీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారని అనంతపురంలో మీ హాస్టల్లో అర్ధరాత్రి దాటేదాకా గొడవ పడ్డారని ఫోన్లో చెప్పావు. చివరికి గొంతు పెద్దదైనవాడి మాటే నెగ్గిందన్నావు. నాకు మనసు చివుక్కుమంది. ఈ వాదన నాకు ప్రాణం. అందుకే దీన్నెలా చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఏ అలీ, ఏ టైసన్ అని తేల్చుకోండి. 1966లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ముగించిన అలీ వేరు. మూడేళ్లకు పైగా నిషేధంలో ఉండి వచ్చి 1971లో జో ఫ్రేజియర్ చేతిలో ఓడిన అలీ వేరు. 1980లో లారీ హోమ్స్ ముందు చేతులాడక, పదో రౌండ్ తర్వాత సొంత కోచ్ వాళ్లే పోటీ ఆపించిన అలీని ఎవరితో పోల్చినా పాపమే. టైసన్ సంగతీ అంతే. 1988లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టినవాణ్ణి, 2002లో లెన్నాక్స్ లూయిస్ ముందు కూలినవాణ్ణి ఒకే లెక్కలో వేయకూడదు. పేరు పక్కన సంవత్సరం చెప్పనివాడితో వాదనకు దిగొద్దు.

తర్వాత రూల్సు. శివరాత్రికి మహానందిలో బండలాగుడు పోటీలు చూస్తుంటాం కదా. పాలపళ్ల కోడెలకు ఒక బండ, ఆరు పళ్లవాటికి ఇంకో బండ. బండ బరువెంత, టైమెంత అనేది చెప్పకుండా ఫలానా జత ఇన్ని అడుగులు లాగిందంటే మన రైతులెవరూ చెవిన పెట్టరు. బాక్సింగ్‌లోనూ అంతే. 1952లో రాకీ మార్సియానో టైటిల్ గెలిచిన పోటీ చూడు. జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండ్లోనే అతన్ని కింద పడేశాడు. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి పాయింట్లు వేసే ముగ్గురి స్కోరు కార్డుల్లోనూ మార్సియానో వెనకబడే ఉన్నాడు. పదమూడో రౌండ్లో వాల్కాట్ తాళ్ల దగ్గరున్నప్పుడు కుడిచేతి దెబ్బ ఒక్కటి దవడకు తగిలింది, అంతే. అప్పట్లో టైటిల్ పోటీ 15 రౌండ్లు, ఇప్పుడు 12. ఈనాటి రూల్సైతే ఆ రాత్రి మార్సియానో ఓడిపోయేవాడే, 49 గెలుపులూ సున్నా ఓటములూ అన్న ఆ రికార్డే ఉండేది కాదు. 1919లో జాక్ డెంప్సీ తనకంటే పాతిక కిలోలు బరువైన జెస్ విలార్డ్‌ను మొదటి రౌండ్లోనే ఏడుసార్లు పడగొట్టాడని అందరూ చెబుతారు. పడ్డవాడు లేస్తుండగానే పక్కనే నిలబడి మళ్లీ కొట్టడానికి ఆ రోజుల్లో వీలుండేదని మాత్రం చెప్పరు. కాబట్టి ఎన్ని రౌండ్లు, ఎవరి కాలం రూల్సు అనేది ముందే ఒప్పుకోండి.

బరువు గురించి ఒక మాట. మార్సియానో 85 కిలోల మనిషి, ఇవాళైతే హెవీవెయిట్ కంటే ఒక మెట్టు కిందున్న క్రూయిజర్‌వెయిట్‌లో ఆడేవాడు. ఈ కాలం రెండు మీటర్ల మనుషుల ముందు పాతవాళ్లు నిలబడలేరని మీ వాళ్లు అంటారు. అందులో నిజముంది, నేను కాదనను. కానీ 2024 మేలో రియాద్‌లో టైసన్ ఫ్యూరీని (మన మైక్ టైసన్ కాదు, ఈ కాలం బ్రిటిష్ బాక్సర్) ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ ఓడించినప్పుడు ఉసిక్ బరువు దాదాపు 18 కిలోలు తక్కువ. ఒడ్డూ పొడుగూ చెప్పి వాదన అయిపోయిందనుకుంటే ఒప్పుకోవద్దు.

వీడు వాణ్ణి కొట్టాడు, వాడు ఇంకొకణ్ణి కొట్టాడు కాబట్టి వీడే గొప్ప అనే లెక్క కూడా పనికిరాదు. ఫ్రేజియర్ అలీని ఓడించాడు. కెన్ నార్టన్ 1973లో అలీ దవడ విరగ్గొట్టాడు. ఆ ఇద్దరినీ జార్జ్ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో చిత్తు చేశాడు. ఈ లెక్కన 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్ ముందు అలీకి దిక్కే లేదు. కానీ ఎనిమిదో రౌండ్లో కింద పడింది ఫోర్‌మన్.

ఇక అసలు సంగతి. ఎవరు గెలుస్తారో చెప్పేవాణ్ణి ఎలా గెలుస్తాడో కూడా చెప్పమను. అలీ, టైసన్‌లనే తీసుకుందాం. అలీ చేతులు కిందికి వదిలేసి, దెబ్బ వస్తే తల నేరుగా వెనక్కి లాగేస్తాడు. ఆ అలవాటుకు మొగుడు లెఫ్ట్ హుక్, అంటే ఎడమచేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ. 1963లో హెన్రీ కూపర్ దాంతోనే పడేశాడు, 1971లో పదిహేనో రౌండ్లో ఫ్రేజియర్ కూడా దాంతోనే. టైసన్ లెఫ్ట్ హుక్ ఎలాంటిదో నీకు చెప్పాలా? కాకపోతే అది తగలాలంటే అలీ జాబ్ (ముందుచేత్తో తిన్నగా పొడిచే దెబ్బ) కిందుగా దూరి దగ్గరికి రావాలి. వచ్చాక అలీ ఏం చేస్తాడు? 1974లో ఫ్రేజియర్‌తో రెండో పోటీ చూడు. ఎడమచేయి మెడ వెనక వేసి తల కిందికి అదుముతాడు, రిఫరీ వచ్చి విడదీసేదాకా వదలడు. పట్టేసుకుంటే టైసన్‌కు దారి దొరకదు, 1987లో బోన్‌క్రషర్ స్మిత్ పన్నెండు రౌండ్లూ అలా పట్టుకునే నెట్టుకొచ్చాడు. అందుకని ఈ పోటీలో నేను మొదట అడిగేది రిఫరీ ఎవరని. నవ్వకు. 1975లో మనీలాలో అలీతో మూడో పోటీకి ముందు ఫ్రేజియర్ కోచ్ ఎడ్డీ ఫుచ్ కూడా ఈ విషయం మీదే పట్టుబట్టాడు.

నా తీర్పు చెబుతాను. 1966 అలీ, 1988 టైసన్, 15 రౌండ్లు, మామూలు రిఫరీ అయితే అలీ. మొదటి నాలుగు రౌండ్లూ గండమే, అవి దాటితే అలీ కాళ్లదే రాజ్యం. పట్టుకోనివ్వని రిఫరీ అయితే టైసన్ వైపు మొగ్గుతాను.

కంప్యూటర్‌ను అడుగుదామంటారు మీ వాళ్లు. ఆ పనీ అయిపోయింది. 1967లో కంప్యూటర్ లెక్కలతో రేడియోలో టోర్నమెంట్ పెడితే అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు వచ్చింది, అలీ మండిపడి పది లక్షల డాలర్లకు దావా వేశాడు. తర్వాత అలీ, మార్సియానోలతోనే నటింపజేసి, రకరకాల ముగింపులు చిత్రీకరించి పెట్టుకుని, 1970లో థియేటర్లలో వేశారు. అమెరికాలో వేసినదాంట్లో మార్సియానో పదమూడో రౌండ్లో గెలుస్తాడు. పాపం, అది చూడకుండానే ఆయన విమాన ప్రమాదంలో పోయాడు. లోపల వేసిన అంకెలు ఎవరివైతే తీర్పూ వాళ్లదే.

పోటీలు చూసేటప్పుడు సౌండ్ తీసెయ్, కామెంటరీ మన కళ్లను కూడా తిప్పేస్తుంది. మరీ పాత మూకీ ఫిల్ముల్లో మనుషులు గబగబా గెంతుతున్నట్టుంటే బాక్సర్లను తప్పుపట్టొద్దు, అది ఫిల్ము స్పీడు తేడా.

దసరాకు ఇంటికొస్తావు కదా. 1938 జో లూయిస్, 1973 ఫోర్‌మన్, 15 రౌండ్లు, ఇప్పటి గ్లవ్స్. నేను జో లూయిస్ వైపు. జమైకాలో ఫ్రేజియర్‌ను ఫోర్‌మన్ ఆరుసార్లు పడేసిన ఆ రెండు రౌండ్లూ బాగా చూసుకుని రా. అక్కను అడిగానని చెప్పు.

మీ మామ