లైవ్‌లో గ్రాఫిక్స్ పెట్టగానే వీడియో తడబడుతుంటే

అన్నా, కారణం చాలావరకు బ్రౌజర్ సోర్సులే, అంటే వెబ్‌పేజీని గ్రాఫిక్‌గా చూపించే సోర్సులు. వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ లైవ్‌కు ఓబీఎస్ (లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్)లో లోగో, దాతల పేర్లు, స్క్రోలింగ్ పెట్టగానే ల్యాప్‌టాప్ వేడెక్కి వీడియో ఆగుతోందన్నారు కదా. ఆ మూడూ బ్రౌజర్ సోర్సులైతే, వెనకాల మూడు క్రోమ్ ట్యాబులు తెరిచినట్టే లెక్క.

అందరూ వదిలేసేది ఇదే: కన్ను గుర్తు నొక్కి గ్రాఫిక్‌ని దాచినా అది ఆగదు, లోపల నడుస్తూనే ఉంటుంది. సోర్స్ ప్రాపర్టీస్‌లో ‘షట్‌డౌన్ సోర్స్ వెన్ నాట్ విజిబుల్’కు టిక్ పెట్టండి. మళ్లీ చూపించినప్పుడు పేజీ కొత్తగా లోడ్ అవుతుంది, కొంచెం ముందే ఆన్ చేసుకోండి. ఒక్కో సోర్సుకూ విడిగా పెట్టాలి, మర్చిపోవద్దు.

తర్వాత:

1. కదలని లోగో, పేర్ల పట్టీ పీఎన్‌జీ ఇమేజ్‌గా పెట్టండి. కాన్వాస్ (ఓబీఎస్‌లో వీడియో కొలత) 1920×1080 అయితే అంతకన్నా పెద్ద బొమ్మ వద్దు.

2. స్క్రోలింగ్‌కు మామూలు టెక్స్ట్ సోర్స్ తీసుకుని, దానికి స్క్రోల్ ఫిల్టర్ వేస్తే చాలు.

3. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఎన్‌కోడర్ (వీడియోను కుదించేది) ప్రాసెసర్ మీద భారం వేసే ఎక్స్264 ఉంటే, గ్రాఫిక్స్ చిప్ వాడే ఎన్‌వెంక్ (ఎన్విడియాది) గానీ క్విక్‌సింక్ (ఇంటెల్‌ది) గానీ పెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో ఏది కనిపిస్తే అది.

ఇంకా వీడియో ఆగుతుంటే ఓబీఎస్‌లోనే స్టాట్స్ తెరిచి చూడండి. రెండరింగ్ ల్యాగ్ పెరుగుతుంటే గ్రాఫిక్స్ బరువు. ఎన్‌కోడింగ్ ల్యాగ్ అయితే మూడోది మళ్లీ చూడండి. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అయితే గ్రాఫిక్స్‌ని ముట్టుకోకండి, అది నెట్ సమస్య. అంత జనంలో మొబైల్ డేటా నెమ్మదిస్తుంది, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) తగ్గించండి.