‘వాడరాదు’ సలహాయా, నిషేధమా?

సందేహం: తిరునాళ్ళలో మా సమాజం తరఫున పౌరాణిక నాటకం ఆడడానికి అనుమతి అడిగాము. వచ్చిన కాగితంలో ‘రాత్రి 10 గంటల తరువాత ధ్వనివర్ధకములు వాడరాదు’ అనీ, ‘పండుగ సందర్భములలో 12 గంటల వరకు ప్రభుత్వము అనుమతించవచ్చును’ అనీ ఉంది. ‘వాడకూడదు’ అనలేదు కనుక మొదటిది సలహా మాత్రమేననీ, రెండో వాక్యాన్ని బట్టి 12 దాకా మనకు అనుమతి ఉన్నట్లేననీ మావాళ్ళు కొందరంటున్నారు. ఇది సరైన అర్థమేనా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: రెండూ సరికావు. మీవాళ్ళు అలా అనుకోవడానికి కారణం మాత్రం మన వాడుకలోనే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని ‘కాస్త తిని వెళ్ళరాదూ?’ అంటాము. అక్కడ చివరి అచ్చు సాగుతుంది, మాట ప్రశ్నగా మారుతుంది, దానితో నిషేధం పోయి బతిమాలుకోలు మిగులుతుంది. సాగదీత గానీ ప్రశ్న గానీ లేని ‘రాదు’కు ఆ మెత్తదనం లేదు. ‘వచ్చు’కు వ్యతిరేకరూపం ‘రాదు’. అందువల్ల ‘వాడవచ్చు’ అనేది ఇచ్చే అనుమతిని ‘వాడరాదు’ పూర్తిగా తీసివేస్తుంది. ‘వాడకూడదు’ అన్నా అంతే బలం. చట్టాల భాషకు ‘రాదు’ అలవాటు, నోటిమాటకు ‘కూడదు’ అలవాటు. ఎదుటి మనిషితో అయితే మన నెల్లూరు, ప్రకాశం వైపు ‘మైకు పెట్టబాకండి’ అనేస్తాము. ఆ మాట ఎదురుగా ఉన్నవారికే చెల్లుతుంది. నియమం అందరికీ వర్తించాలి కనుకనే కర్త పేరు లేని ‘వాడరాదు’ను ఎన్నుకుంటారు.

రెండో వాక్యం దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ‘వచ్చు’ ఒక్కటే మూడు పనులు చేస్తుంది. ‘మీరు వెళ్ళవచ్చు’ అనుమతి. ‘వాన రావచ్చు’ సంభావన, అంటే జరిగే అవకాశం. దీనికి వ్యతిరేకం ‘రాకపోవచ్చు’ అవుతుందే తప్ప ‘రారాదు’ కాదు. ‘ప్రభుత్వము అనుమతించవచ్చును’ అన్నప్పుడు అది అధికారాన్ని చెబుతుంది. ఇప్పుడు రద్దయిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రదర్శనను ‘నిషేధించవచ్చును’ అంటే, ప్రతి నాటకమూ నిషేధమైనట్లు కాదు గదా! ఇక్కడా అంతే. వాక్యానికి కర్త ప్రభుత్వం, మీ సమాజం కాదు. ఆ అధికారాన్ని వాడి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప మీకు ఒక్క నిమిషం కూడా అదనంగా రాదు.

మీ కాగితంలోని మాటలకు మూలం 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు. వాటి ప్రకారం రాతపూర్వక అనుమతి లేనిదే ధ్వనివర్ధకం వాడరాదు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సాంస్కృతిక, మత ఉత్సవాల సందర్భాలలో రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదిలో 15 రోజులకు మించరాదు. ఈ ‘మించరాదు’ ప్రభుత్వం చేతులనే కట్టేస్తున్న ‘రాదు’ అని గమనించండి. దీనిని సలహా అని ఎవరూ అనరు. మైకు తీసేసి హార్మోనియం మీద పద్యాలు పాడుకుందామన్నా కుదరదు. 2010 సవరణతో రాత్రివేళ వాద్యాలు కూడా ఆ నిషేధంలో చేరాయి. లోపలివారికి మాత్రమే వినిపించేలా మూసిన ప్రేక్షాగారంలో ఆడుకుంటే దీనికి మినహాయింపు ఉంది. ఆరుబయట పందిరికి లేదు. తెల్లవార్లూ నాటకం చూసే అలవాటున్న ఊళ్ళకు ఇది కష్టమే. అయితే ఆ కష్టానికి మందు సడలింపు అడగడమే గాని, వాక్యానికి లేని అర్థం తీయడం కాదు.

ఆ సడలింపు కోసం మళ్ళీ రాసేటప్పుడు ‘అనుమతి ఇవ్వగలరు’ అని ముగించకండి. అది మర్యాదకు చెల్లినా, ఇచ్చే శక్తి వారికుందని చెప్పినట్లుగానూ చదవవచ్చు. తేదీ, స్థలం, మొదలుపెట్టే వేళ, ముగించే వేళ స్పష్టంగా రాసి, ‘అనుమతి ఇవ్వవలసినదిగా కోరుతున్నాము’ అనండి. రాతపూర్వకంగా జవాబు అందేదాకా కరపత్రంలో ‘తెల్లవార్లూ’ అని అచ్చు వేయించకండి.