ఫార్మాట్ కొట్టించే ముందు చార్జర్ చూడండి

ఈసారి ల్యాప్‌టాప్‌ల గురించి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గోడు: "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ కదలడం లేదు." ఏళ్ల తరబడి మెల్లమెల్లగా మందగించడం వేరు, ఒక్క రోజులో చతికిలబడడం వేరు. రెండోదానికి సాధారణంగా ఒకే కారణం ఉంటుంది. అదేదో తేలేదాకా జేబులో చెయ్యి పెట్టొద్దు.

ప్రశ్న: మూడేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. పది రోజులుగా ఎక్సెల్ ఫైలు తెరవాలన్నా నిమిషం పడుతోంది. మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతోంది. షాపులో ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించారు, అయినా అంతే. ఈమధ్య మార్చింది చార్జర్ ఒక్కటే. ఇప్పుడు ర్యామ్ పెంచాలంటున్నారు. పెంచమంటారా?
– అకౌంటెంట్, గుంటూరు

జవాబు: పెంచకండి. మీరు 'ఒక్కటే' అని తేల్చేసిన ఆ చార్జర్ మీదే మా అనుమానం. విండోస్ కొత్తగా ఎక్కించినా తేడా రాలేదంటే, తప్పు సాఫ్ట్‌వేర్‌లో వెతకడం దండగ.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ మీద నొక్కండి. గ్రాఫ్ కింద 'స్పీడ్' అని ఒకటి, 'బేస్ స్పీడ్' అని ఒకటి, రెండు అంకెలు కనిపిస్తాయి. పెద్ద ఫైలు తెరుస్తున్నప్పుడు స్పీడ్ మామూలుగా బేస్ స్పీడ్‌ను దాటి పోతుంది. మీ దాంట్లో అది 0.39 దగ్గరో 0.79 గిగాహెర్ట్జ్ దగ్గరో మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉంటే దొంగ దొరికినట్టే. ఇప్పుడు చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద రెండు నిమిషాలు ఆ అంకెనే చూడండి. 2, 3 గిగాహెర్ట్జ్‌కు లేచిందంటే తప్పు చార్జర్‌లోనో, దాన్ని గుచ్చే రంధ్రంలోనో ఉంది.

ఎందుకిలా అంటే, డెల్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లకు వచ్చే గుండ్రటి మొన చార్జర్లలో నడిమధ్య సూదిలాంటి పిన్ను ఒకటి ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను నడిపే కరెంటు దాని గుండా రాదు. 'నేను ఇన్ని వాట్ల చార్జర్‌ని' అని ల్యాప్‌టాప్‌కు చెప్పడమే దాని పని. ఆ పిన్ను వంగినా, దానికి వెళ్లే సన్న తీగ లోపల తెగినా, చవక చార్జర్‌లో ఆ కబురు చెప్పే ఏర్పాటు సరిగా లేకపోయినా, ఎంత కరెంటు గుంజవచ్చో ల్యాప్‌టాప్‌కు తెలియదు. దాంతో ముందుజాగ్రత్తగా ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి దించేస్తుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ చార్జింగ్ కూడా ఆపేస్తుంది. ఆన్ చేయగానే చార్జర్ రకం తెలియడం లేదని ఇంగ్లీషులో ఒక సందేశం కూడా రావచ్చు. దాన్ని చదవకుండానే ఏదో మీట నొక్కి దాటేస్తాం.

చార్జర్ లేబుల్ మీద అంకెలు చూడండి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది. అదే 19.5 వోల్టులకు 2.31 ఆంపియర్లయితే 45 వాట్లే. 65 అడిగే యంత్రానికి 45 గుచ్చితే చాలా మోడళ్లు నెమ్మదిస్తాయి. వాట్లు ఎక్కువైతే ఇబ్బంది లేదు. వోల్టులు, మొన మాత్రం సరిగ్గా అవే ఉండాలి. డెల్ అయితే ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి (విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్తే, యంత్రం గుర్తించిన చార్జర్ వాట్లు అక్కడే కనిపిస్తాయి.

మీ పాత చార్జర్‌గానీ, అదే మోడల్ ఉన్నవారి చార్జర్‌గానీ ఓ అరగంట అడిగి తెచ్చి పెట్టి చూడండి. దానికంటే చవకైన పరీక్ష లేదు. దానితోనూ 0.39 దాటకపోతే షట్ డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు అదిమిపట్టి వదిలి, మళ్లీ ఆన్ చేయండి. చార్జర్ ఉన్నా లేకున్నా అదే వేగమైతే బ్యాటరీలోనో మదర్‌బోర్డులోనో సెన్సర్ పాడైనట్టు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సిందే. ప్రాసెసర్ వేగం మీద పడిన ఈ కట్టడిని తప్పించే చిన్న సాఫ్ట్‌వేర్లు నెట్‌లో దొరుకుతాయి. 'వేడెక్కింది, తగ్గు' అని ప్రాసెసర్‌కు చెప్పేది కూడా ఈ కట్టడి సంకేతమే కాబట్టి, దాన్ని కట్టేసి రోజూ వాడడం మాకు నచ్చదు. చార్జరే తప్పని తేల్చుకోవడానికి ఓ పది నిమిషాలు వాడితే చాలు.

ప్రశ్న: 2017లో కొన్న ల్యాప్‌టాప్, 1 టీబీ హార్డ్ డిస్క్. వారం నుంచి టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతమే. ఫొటోల ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోతోంది. అప్పుడప్పుడు లోపల టక్ టక్ మని చప్పుడు. డీఫ్రాగ్ చేయమంటారా?
– ఉపాధ్యాయిని, వరంగల్

జవాబు: వద్దు! డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను డిస్క్ మీద ఒకచోటికి సర్దడం) కాదు, చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలు వెతికే విండోస్ పరీక్ష) కాదు, ఫార్మాట్ అసలే కాదు. చప్పుడు చేస్తున్న డిస్క్‌ను ఎంత తిప్పితే అంత త్వరగా పోతుంది. ఉన్న ఆయుష్షును ఫొటోలు బయటికి తీయడానికే వాడుకోండి.

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కితే 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' కనిపిస్తుంది. బాగున్న హార్డ్ డిస్క్ కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్లలో జవాబిస్తుంది. మీ దాంట్లో అది వేలల్లో ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకు కొన్ని కేబీలే ఉంటే, డిస్క్ మీద చెడిన చోటును మళ్లీ మళ్లీ చదవడానికి అది తంటాలు పడుతోందన్నమాట. డిస్క్ జవాబిచ్చేదాకా విండోస్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. 100 శాతం అంటే బోలెడు పని జరుగుతోందని కాదు.

బయటి హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి, మళ్లీ సంపాదించలేని వాటిని ముందు కాపీ చేయండి. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, రాసుకున్న పాఠాలు ముందు. సినిమాలు ఆఖరున, అదీ ఓపిక ఉంటేనే. మొత్తం డ్రైవ్‌ను ఒకేసారి ఎంచుకోకుండా ఫోల్డర్ తరవాత ఫోల్డర్‌గా చేయండి. ఎక్కడైనా ఆగిపోతే దాన్ని వదిలేసి తరవాతి దానికి పోవాలి. చప్పుడు గట్టిగా, వరసగా వినిపిస్తే వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

కాపీ అయ్యాక, నిర్ధారణ కోసం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూడవచ్చు. చెడిన చోట్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 అనే మూడు వరసల్లో సున్నా కాక మరేదైనా ఉండి, పైన పసుపు రంగులో 'కాషన్' అని వస్తే ఆ డిస్క్‌ను ఇక నమ్మొద్దు.

దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) అదే గూట్లో కూర్చుంటుంది. 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. మీ మోడల్‌లో ఎం.2 గూడు (సన్న బద్దలాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) కూడా ఉందేమో చూడాలి. ఉన్నా అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా (డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు) అన్నది మాన్యువల్‌లో చూశాకే కొనండి. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పనిచేయకపోవచ్చు. చెడిన డిస్క్‌ను యథాతథంగా క్లోన్ చేయించకుండా విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడమే మేలు.

ప్రశ్న: ఆన్ చేసిన పావుగంట బాగుంటుంది. తరవాత ఫ్యాన్ రొద పెరిగి, వీడియో కాల్ కూడా నత్తనడకే. పోయిన ఏడాది ఇలా లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థి, రామగుండం

జవాబు: వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. 95 నుంచి 100 డిగ్రీలు తాకి, అదే క్షణంలో వేగం పడిపోతుంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడితే అడుగున గాలి పీల్చే సందులు మూసుకుపోతాయి. ముందు ఆ అలవాటు మానండి.

అడుగు మూత విప్పగలిగితే, పవర్ పూర్తిగా ఆపి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్‌కూ రాగి గొట్టం చివరి రేకులకూ మధ్య చూడండి. దుమ్ము మందపాటి గుడ్డలా అట్టకట్టి ఉంటుంది. పైపైన ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది. ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తని బ్రష్‌తో లాగేయాలి. గాలికి రెక్కలు గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. మూడు నాలుగేళ్లు దాటితే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని రాగి గొట్టానికి అందించే పూత) కూడా ఎండిపోయి ఉండవచ్చు. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిప్ మొత్తాన్ని పలచగా కప్పేంత పెట్టాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు.

మూత విప్పినప్పుడు బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే, లేదా టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే, ఆ పూటే వాడకం ఆపండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు.

ప్రశ్న: రోజూ రాత్రి షట్ డౌన్ చేస్తున్నా. అయినా టాస్క్ మేనేజర్‌లో 'అప్ టైమ్' (ఆగకుండా నడిచిన సమయం) 20 రోజులు చూపిస్తోంది. యంత్రం రోజురోజుకూ మందంగా అవుతోంది.
– గృహిణి, బెంగళూరు

జవాబు: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్ డౌన్ పూర్తి షట్ డౌన్ కాదు. విండోస్ తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని, పొద్దున అక్కడి నుంచే మొదలుపెడుతుంది. వారానికి ఒకసారైనా 'రీస్టార్ట్' నొక్కండి, అప్పుడే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే స్లో. ఏం చేయాలి?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒక రాత్రి చార్జర్ పెట్టి, ఆన్‌లోనే వదిలేయండి. అప్‌డేట్ తరవాత వెనకాల సర్దుకునే పనులు కొన్ని గంటలు సాగవచ్చు. రెండు రోజులైనా అంతే ఉంటే సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచడం మంచిది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ దగ్గర పాత విండోస్ తాలూకు జీబీలకు జీబీలు దొరకవచ్చు. అది తీసేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి పోలేరు, గుర్తుంచుకోండి. అదే జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. తొందరలో దానికి కూడా టిక్కు పెట్టి ఫైళ్లు పోగొట్టుకున్నవారు ఎందరో.

ప్రశ్న: ఊరికే ఉన్నప్పుడు ఫ్యాన్ హోరెత్తుతోంది. ఎందుకా అని టాస్క్ మేనేజర్ తెరిస్తే వెంటనే సద్దుమణుగుతోంది. మూసేస్తే మళ్లీ మొదలు. ఈమధ్య ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) వేసుకున్న మాట నిజమే.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: టాస్క్ మేనేజర్‌ను చూసి దాక్కోవడం క్రిప్టో మైనర్ల (పరాయి యంత్రాలతో డిజిటల్ నాణేలు సంపాదించే దొంగ సాఫ్ట్‌వేర్ల) పాత విద్య. మీ కరెంటుతో ఇంకెవరో నాణేలు తవ్వుకుంటూ ఉండవచ్చు. ముందు ఇంటర్నెట్ ఆపేయండి. ఆ క్రాక్‌నూ, దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌నూ తీసేయండి. తరవాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. యంత్రం రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే దాదాపు 15 నిమిషాలు వెతుకుతుంది. ఎక్స్‌క్లూజన్స్ జాబితా (స్కాన్ తాకకుండా వదిలేసే ఫోల్డర్లవి) కూడా తెరిచి చూడండి. క్రాక్ వేసేటప్పుడు 'యాంటీవైరస్ ఆపండి' అన్న మాట విని ఉంటే, అక్కడ ఏదో ఒక ఫోల్డర్ మీకు తెలియకుండా కూర్చుని ఉండవచ్చు. దాన్ని తొలగించి మళ్లీ స్కాన్ చేయండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులు మార్చడం మాత్రం ఈ ల్యాప్‌టాప్‌లో వద్దు, ఫోన్‌లో చేయండి. స్కాన్ తరవాత కూడా ఫ్యాన్ అలాగే మోగితే, ఫార్మాట్ కొట్టాల్సిన కేసు ఈ నెల ఉత్తరాల్లో ఇదొక్కటే.