ఆకాశం నుంచి సిగ్నల్ వస్తే ఎట్లా చెక్ చేస్తారు?

ప్రశ్న: సార్, 1977లో అమెరికాలో ఏలియన్స్ సిగ్నల్ వచ్చిందంటారు కదా, దాన్ని మళ్ళీ ఎందుకు పట్టుకోలేకపోయినారు?
– ఒక డిగ్రీ స్టూడెంట్, అనంతపురం

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. ఒహాయోలో బిగ్ ఇయర్ అనే రేడియో టెలిస్కోప్‌కు (ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టేది) ఆగస్టు 15న వచ్చింది అది, తర్వాత ప్రింటవుట్ చూస్తా ఉన్న జెర్రీ ఎమన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ సిగ్నల్‌ను చూపించే అంకెలు, అక్షరాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి పక్కన 'వావ్' అని రాసినాడు. ఆ టెలిస్కోప్ ఒక చోటును వెంబడించలేదు, భూమి తిరిగేకొద్దీ ఆకాశమే దాని ముందర జరిగిపోతుంది, అందుకే 72 సెకన్లే దొరికింది. దానికి సిగ్నల్ పట్టే రెండు హార్న్‌లు (గరాటు లాంటివి) పక్కపక్కనే ఉండేవి, ఆకాశంలో ఒకే చోటు ఒకదాని తర్వాత ఒకదాని ముందుకు వస్తుంది, కాబట్టి కొన్ని నిమిషాల తేడాతో రెండోదాంట్లో కూడా రావాల, కానీ రాలేదు. తర్వాత చానా సార్లు వెతికినా కనపడలేదు. ఒక్కసారే వచ్చిందాన్ని ఏలియన్స్‌దని ఒప్పుకోకూడదు, నా మాట అదే.

ఇప్పుడైతే టెలిస్కోప్‌ను కొన్ని నిమిషాలు నక్షత్రం వైపు, కొన్ని నిమిషాలు పక్కకు, మళ్ళీ నక్షత్రం వైపు తిప్పుతా చూస్తారు, పక్కకు తిప్పినా వస్తా ఉంటే అది మన మనుషులదే. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌లో ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం వైపు చూసినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సిగ్నల్ దొరికింది, అది ఈ టెస్ట్ పాసయింది కూడా! అయినా వదల్లేదు, డేటా అంతా జల్లెడ పట్టినారు, అట్లాంటివే వేరే ఫ్రీక్వెన్సీల్లో బయటపడినాయి, అవి నక్షత్రం వైపు చూడనప్పుడు కూడా ఉన్నాయి. 2021లో అది మన ఎలక్ట్రానిక్స్ గోలేనని తేల్చి పరిశోధన పేపర్లు వేసినారు. ఆ ఓపిక నాకు చానా గొప్పగా అనిపిస్తుంది. రేపు నిజంగా ఏదన్నా వచ్చినా, దూరంగా ఉన్న ఇంకో టెలిస్కోప్‌లో కూడా కనపడితేనే నమ్మాల.