అలిబై వేసే ముందు గడియారం చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరులో నేరం జరిగిన ఆ రాత్రి నీ ముద్దాయి అక్కడ లేడు, తిరుమల కొండమీద ఉన్నాడు అంటున్నావు. ఇలా నేరం వేళ మనిషి వేరేచోట ఉన్నాడనే వాదనే అలిబై. ఎన్ని గంటలకు నాయనా? తిరుపతి, చిత్తూరు మధ్య దూరం 70 కిలోమీటర్లు, కారులో గంటన్నర. నేరం రాత్రి 9.30కి అయితే, సాయంత్రం 5కి తిరుమలలో రూము తీసుకున్న చీటీ నిన్ను కాపాడదు. దిగి, చిత్తూరొచ్చి, తెల్లారేలోపు మళ్లీ ఎక్కేంత టైముంది. దర్శనం టికెట్టూ అంతే, బుక్ చేసినట్టు చెబుతుందే గానీ మనిషి వెళ్లినట్టు చెప్పదు. 9, 10 గంటల మధ్య అతను చిత్తూరులో ఉండే వీలే లేదని తేలాలి.

ముందు కెమెరాల సంగతి చూడు. చాలాచోట్ల రెండు వారాలకో నెలకో పాత ఫుటేజీ చెరిగిపోతుంది. కాల్ రికార్డులను కంపెనీలు రెండేళ్లు ఉంచాలి, కానీ మన సెషన్స్ కేసుల్లో సాక్ష్యం ఆలోపు మొదలైతే అదృష్టమే. అందుకే భద్రపరచమని ఇప్పుడే పిటిషన్ వెయ్యి. టవర్ లొకేషన్ ఫోన్ ఎక్కడుందో చెబుతుంది, మనిషి సంగతి కాదు. ఆ టైములో అతనితో మాట్లాడిన వాణ్ణి సాక్షిగా తెస్తేనే దానికి బలం. పెన్‌డ్రైవ్ ఒక్కటీ తెచ్చి ఇస్తే చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. ఎ భాగం రికార్డు ఇచ్చినవాళ్లది, బి భాగం నిపుణుడిది, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) సహా.

అలిబై అదే చట్టం 9వ సెక్షన్ కిందికి వస్తుంది (పాత చట్టంలో 11). రుజువు భారం 106 ప్రకారం మనదే. అలాగని ప్రాసిక్యూషన్ బరువు తగ్గదు, ముద్దాయి అక్కడున్నాడని ముందు వాళ్లే చూపాలి. సుప్రీంకోర్టు ఇచ్చిన బినయ్ కుమార్ సింగ్ తీర్పు, (1997) 1 ఎస్‌సీసీ 283, చదువుకో.

ఈ మాట బెయిల్ పిటిషన్‌లోనే రావాలి. దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ప్రత్యక్ష సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో సూచించాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 351 (పాత 313) కింద జడ్జి ముద్దాయిని అడిగే ప్రశ్నల దగ్గర మొదటిసారి చెబితే, తర్వాత అల్లుకున్న కథంటారు. ఇంటివాళ్లే సాక్షులైనా అంతమాత్రాన కొట్టేయరు, కానీ అందరూ ఒకే వాక్యం వల్లిస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కి పండగే. టీ కొట్టు మనిషి దొరికితే పది మంది బంధువుల పెట్టు.

ముద్దాయిని ఒంటరిగా కూర్చోబెట్టి గంట గంటకీ అడుగు. ఎక్కడైనా తడబడితే అలిబై వదిలెయ్. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే కేసులో అబద్ధపు అలిబై ప్రాసిక్యూషన్ వాళ్ల సాక్ష్యాల గొలుసుకు ఇంకో లంకె అవుతుంది.

కెమెరా ఉన్న చోటికి రేపే లేఖ పంపు, స్పీడ్‌పోస్ట్ రసీదు ఫైల్లో పెట్టు.