చదవలేని బ్లాక్‌కి సున్నాలు ఇవ్వకండి

మీరు అడిగింది ఇదీ: నేర్చుకోవడానికి లినక్స్‌లో చిన్న ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ (డిస్క్‌లో ఫైళ్లని అమర్చి, చదివే కెర్నెల్ కోడ్) రాస్తున్నారు. డిస్క్‌లో ఏదైనా బ్లాక్ (డేటా ఉండే చిన్న ముక్క) చదవలేకపోతే ఎర్రర్ ఇవ్వాలా, సున్నాలు నింపి నడిపించేయాలా, మౌంట్ (సిస్టమ్‌కి జోడించిన ఆ ఫైల్‌సిస్టమ్) మొత్తం ఆపేయాలా?

ఎర్రర్ ఇవ్వండి, అదీ ఆ ఫైల్ వరకే. సున్నాలిస్తే ఏమవుతుందో నా సొంత ఫైళ్ల మీదే చూశాను.

ఫైల్‌లో ఆఫ్‌సెట్ (ఎన్నో బైట్ అన్నది) ఇస్తే డిస్క్ బ్లాక్ నంబర్ చెప్పే ఫంక్షన్ ఒకటి రాశాను. అక్కడ హోల్ (డిస్క్‌లో చోటే కేటాయించని భాగం) ఉంటే 0 ఇస్తుంది, దాన్ని పిలిచే కోడ్ ఆ పేజీని (మెమరీలో ఆ ఫైల్ ముక్కని) సున్నాలతో నింపుతుంది. ఇలా హోల్స్ ఉండే స్పార్స్ ఫైళ్లకి అది సరైన పనే. కానీ ఇన్‌డైరెక్ట్ బ్లాక్ (డేటా బ్లాకుల నంబర్లు దాచే బ్లాక్) చదవడం ఫెయిలైనా తొందరలో అదే 0 రిటర్న్ చేశాను. కొన్నాళ్లకి డిస్క్‌లో అలాంటి బ్లాక్ ఉన్న చోటే ఒక్క సెక్టార్ పోయింది. బ్లాక్ సైజు 4 కేబీ, ఒక్కో నంబర్‌కి 4 బైట్లు. అంటే ఒక ఇన్‌డైరెక్ట్ బ్లాక్ కింద 1024 బ్లాకులు, 4 ఎంబీ డేటా. అదంతా నా కోడ్‌కి హోల్‌లా కనిపించింది! సీపీ కమాండ్ కిక్కురుమనకుండా కాపీ చేసింది. నా బ్యాకప్ స్క్రిప్ట్ ఆ సున్నాల ఫైల్‌ని తీసుకెళ్లి మంచి కాపీ మీద రాసేసింది. ఎర్రర్ వచ్చి ఉంటే స్క్రిప్ట్ అక్కడే ఆగేది.

ఇప్పుడు హోల్‌కి 0, తప్పుకి నెగటివ్ ఎర్రర్ నంబర్ ఇస్తున్నాను. రిటర్న్ టైప్ అన్‌సైన్డ్‌గా (నెగటివ్ నంబర్లు పట్టనిదిగా) ఉందేమో ముందు చూసుకోండి. అలా ఉంటే -5 కాస్తా ఎక్కడో ఉన్న పెద్ద బ్లాక్ నంబర్ అయి కూర్చుంటుంది (అదీ అయింది నాకు).

డివైస్ చదవలేకపోతే ఈఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్) ఇవ్వండి, దాని నంబర్ 5. చదవగలిగినా లోపల చెత్త ఉంటే, ఉదాహరణకి బ్లాక్ నంబర్ డిస్క్ సైజునే దాటిపోతే, ఈయూక్లీన్ అనే ఎర్రర్ ఇవ్వండి. లినక్స్‌లోని ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లు కూడా పాడైన మెటాడేటాకి (ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే సమాచారానికి) దాన్నే వాడతాయి. మొదటిదైతే డిస్క్‌ని అనుమానించాలి, రెండోదైతే ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని సరిచూసే ప్రోగ్రామ్) నడపాలి. రెండింటికీ ఒకే నంబర్ ఇస్తే వాడేవాళ్లు తప్పు చోట వెతుకుతారు.

ఎర్రర్ దారిలో ఇంకో గొయ్యి ఉంది: పేజీ లాక్ (చదివేంతవరకు ఆ పేజీని ఇంకెవరూ ముట్టకుండా వేసే తాళం). చదవడం ఫెయిలైతే పేజీని అప్‌టుడేట్‌గా (డేటా సరిగ్గా వచ్చిందని) మార్క్ చేయకూడదు, కానీ అన్‌లాక్ మాత్రం చేసి తీరాలి. నేను అది మర్చిపోయాను. ఫైల్ చూపించే క్యాట్ కమాండ్ కదలకుండా ఇరుక్కుపోయింది. డిస్క్ పోయిందనుకుని కేబుల్ కూడా మార్చాను.

మౌంట్ మీద చెయ్యి వేయాల్సిన సందర్భం ఒకటుంది. ఖాళీ బ్లాకుల బిట్‌మ్యాప్ (ఏ బ్లాక్ ఖాళీయో చెప్పే పట్టిక) నమ్మదగ్గట్టు లేకపోతే, ఇంకా రాస్తూ పోవడం మిగతా ఫైళ్లకి ప్రమాదం. అప్పుడు రీడ్-ఓన్లీకి మార్చేయండి. ప్యానిక్ (కెర్నెల్‌నే ఆపేయడం) అక్కర్లేదు.

టెస్టింగ్‌కి పాత డిస్క్ కోసం వెతక్కండి. డివైస్ మ్యాపర్‌లో (డిస్క్ మీద వర్చువల్ డిస్క్ తయారుచేసే లినక్స్ భాగం) డీఎం-డస్ట్ ఉంది, 5.2 కెర్నెల్ నుంచి వస్తోంది. ఏ బ్లాక్ చెడిపోయినట్టు నటించాలో మీరే చెప్పొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ బ్లాక్ మీద ఏదైనా రాస్తే అది మళ్లీ బాగైపోయినట్టు లెక్క, కాబట్టి ప్రతి టెస్ట్‌కి ముందు దాన్ని చెడిపోయిన బ్లాకుల లిస్ట్‌లో మళ్లీ పెట్టండి.